నార తీసే రోజు

గోగు కట్టలు గెడ్డలో ఊరేసిన పదిహేనో రోజున
ఇజ్జాడ తవిటమ్మ కంట్లో పీచు కొట్టుకుంది.
మోకాలి లోతు నల్లనీళ్ళు, తల తిరిగే వాసన,
బాదుతున్న కట్టలోంచి వెంట్రుకంత ముక్క.
"నలుసే గదా అనుకున్నాను బాబూ,
మా మరదలు సనుబాలు పిండినాది,
రేతిరికి తగ్గిపోద్దనుకున్నాను."

తగ్గలేదు.
తెల్లారి చీపురుపల్లిలో ప్యాసింజరు ఎక్కి
కొంగు మడత కంటికి అదిమిపెట్టుకుని
విజయనగరం వచ్చింది.
అప్పటికే నల్లగుడ్డు మీద గంజి చుక్కలాంటి మచ్చ,
రెప్పల మధ్య పచ్చటి చీము.

నా పని చిన్నది.
సన్నటి రేకుతో మచ్చ అంచు గీకుతాను,
గాజు పలక మీద పూసి, రంగు వేసి, కడిగి,
మైక్రోస్కోపు కింద పెడతాను.
ఇరవై రెండేళ్ళుగా జనం కళ్ళని
ఇంట్లోవాళ్ళకంటే దగ్గరగా చూసినవాణ్ణి,
ముఖాలు మాత్రం గుర్తుండవు.
ఆ రోజు గులాబిరంగు పుల్లలు కనిపించాయి,
గెడ్డలో పడేసిన కట్టల్లాగే, అడ్డదిడ్డంగా.

గంటకోసారి మందు చుక్క.
రాత్రి ఒంటిగంటకీ రెండుకీ మూడుకీ
వార్డులో నర్సు అనసూయ చెప్పుల చప్పుడు.
నాలుగో రోజు మళ్ళీ గీకాను.
పలక ఖాళీ. పళ్ళెంలో కూడా ఏమీ మొలవలేదు.
"సచ్చిపోనాయా?"
చచ్చిపోయాయన్నాను.
"మరింకా మంటెందుకు? మచ్చ పెరుగుతోందంతన్నారేటి?"

నేను రిపోర్టు రాసేవాణ్ణి, జవాబు చెప్పేవాణ్ణి కాను.
డాక్టర్ నీరజ స్టూలు లాక్కుని కూచుంది.
"నీ కంటి గుమ్మంలో కాపలావాళ్ళున్నారమ్మా,
పుట్టుకతో వచ్చినవాళ్ళు.
పేర్లు అడగరు, ఆనవాలు పడతారు.
ఒకడికి పురుగు తోక తెలుసు,
ఇంకొకడికి దాని పైపూత తెలుసు.
చేతికి తగిలితే ఈల.
ఈల వినబడితే నెత్తుట్లోంచి దండు దిగుతుంది.
దొంగ చచ్చాడన్న కబురు వాళ్ళకి చేరదు.
తెగిపడ్డ తోక ముక్క చాలు, మళ్ళీ ఈల.
ఇప్పుడా దండు నరుకుతున్నది నీ కన్నునే."

"ఆ ఈలేసేవోళ్ళ నోరు మూయించీలేరా?"

డాక్టరు కాసేపు కిటికీ వైపు చూసింది.
"ఎలుకల కళ్ళలో మూయించి చూస్తున్నారమ్మా.
ఆ ఆనవాలు పట్టే చోటికి మూత వేసే మందు.
ముందే మూసేస్తే దొంగ ఇల్లేలతాడు,
ఆలస్యమైతే మూసి లాభం లేదు.
మన అలమరలోకి ఇంకా రాలేదది."

తవిటమ్మ నవ్వింది, కట్టుగుడ్డ కింద సగం నవ్వు.
"గోగు లెక్కే గదమ్మా ఇది.
నీళ్ళలో ఏయో పురుగులు జిగురు తింతాయి,
అయి తినకపోతే నార రాదు.
ఒక్క రోజెక్కువుంచితే నారనే తినీస్తాయి.
ఏ రోజు తియ్యాలో సెయ్యెట్టి సూడాల.
మా అత్తయితే నీళ్ళ వాసన బట్టి సెప్పీసేది."

అప్పుడు నాకు ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది.
నల్లగుడ్డు మీది గాజుపొర కూడా నారే.
కంటికి ఆనని పోగులు,
ఒక వరస అడ్డం, ఒక వరస నిలువు,
వెలుతురు ఎక్కడా తట్టుకోకుండా జారిపోయేంత సమంగా.
ఆ నార నాలుగు రోజులుగా ఊరుతోంది,
చెయ్యిపెట్టి చూసే అత్త లేక.

ఆ మధ్యాహ్నం డాక్టరు ఉన్న పాత మందే తీసింది.
మంచోడూ చెడ్డోడూ అని లేదు దానికి,
దండునంతా ఒక్కసారే నిద్రపుచ్చుతుంది.
రోజుకి రెండే చుక్కలు, భయపడుతూ.
భయం తన చేతిలో కనిపించింది నాకు,
డ్రాపరు కొన దగ్గర.

మచ్చ ఆగింది. పోలేదు.
ఆ కంటితో ఇప్పుడు వేళ్ళు లెక్కపెడుతుంది,
ముఖం మాత్రం మంచులో ఉన్నట్టుంటాదట.
"పెరుగుదల లేదు" అని రాసి సంతకం పెట్టాను.
రాసింది అబద్ధం కాదు.

వెళ్ళేముందు మెట్ల మీద కూచుని
మొగుడికి ఫోన్ చేస్తోంది, గట్టిగా, వార్డంతా వినపడేలా.
"రెండో వరస కట్టలు తీసీ.
నా కోసం సూడకు.
సెయ్యెట్టి సూడు ముందు, జారుతోందా?
జారితే ఇప్పుడే తీసీ."